ఎస్కలాన్ కనుమకి అటూ ఇటూ

జోసియే, ఫ్రాన్స్
మే 1974

ఒత్తావియా,

బతికే ఉన్నావా? చలికాలమంతా కలిపి ఒక్క ఉత్తరం రాశావు, అదీ ఉప్పుచేపల కంపు. మా పోస్టుమాస్టరు కవరు మూల రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు. "ఇటలీ నుంచి మీ స్నేహితురాలు," అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని.

ఇక్కడ మంచు కరుగుతోంది. నా తేనెటీగలు బయటికొచ్చాయి, నేనూ బయటికొచ్చాను. నిన్న అటక మీంచి సైకిలు దించి చైనుకి నూనె పెట్టాను.

అసలు కబురు విను. మా సైకిలు సంఘం ఎట్టకేలకి ఒప్పుకుంది. జులైలో ఎస్కలాన్ కనుమకి వెళ్తున్నాం! ఎనిమిది మంది వస్తున్నారు. ముందు నడిచేది నేను. మా అధ్యక్షుడు ఫెరియోల్, మీసాలాయన, మీటింగులో లేచి నిలబడి "సైకిలు భుజాన వేసుకుని కొండ దాటడం ఆర్మండీన్‌కి తెలిసినట్టు ఈ లోయలో ఇంకెవరికీ తెలియదు" అన్నాడు. నేను సిగ్గుపడ్డట్టు నటించాను.

సైన్యం వాళ్ళ పాత మ్యాపులో మా వైపు నుంచి కంచరగాడిదల దారి ఒకటి గీసి ఉంది. గొర్రెల కాపరుల గుడిసెల దాకా తొక్కుకుంటూ పోవచ్చు. అక్కణ్ణించి నెట్టుకుంటూ, ఇంకా పైకి పోతే భుజానికెత్తుకుని. కనుమకి కాస్త దిగువన ఆ గీత ఆగిపోతుంది. మళ్ళీ మీ వైపు మొదలవుతుంది. మధ్యలో ఏముందో ఎవరూ రాయలేదు. ఈ చుట్టుపక్కల మనిద్దరం దాటని కనుమ అదొక్కటే.

నువ్వు మీ వైపు నుంచి ఎక్కి రా. మొదటిసారి కలిసినట్టే పైన కలుద్దాం. ఆ రోజు సరిహద్దు రాయి దగ్గర నువ్వు అటు నుంచి, నేను ఇటు నుంచి సైకిళ్ళు మోసుకుంటూ ఎక్కి వచ్చి, ఒకరినొకరం చూసి దొంగసరుకు మోసేవాళ్ళమనుకుని హడలిపోయాం కదా! ఈసారి రొట్టె నాది, వైను నీది. చేపలు మాత్రం వద్దు.

మోకాలు ఎలా ఉంది? నావి గుర్రం మోకాళ్ళు, వాటికేం కాదు. మొన్న వంతెన దగ్గర మాత్రం పడ్డాను. ఒక దూడ ఎక్కడి నుంచి ఊడిపడిందో, చక్రం ముందు నిలబడి ఉంది. మోచెయ్యి గీరుకుంది, అంతే.

ఆర్మండీన్


ద్రొనేరొ, ఇటలీ
జూన్

ఆర్మండీన్,

చేపల గురించి ఇంకొక్క మాటన్నావంటే మీ పోస్టుమాస్టరుకి ఒక డబ్బా పార్సిలు పంపిస్తాను. మా లోయ మగవాళ్ళు తాతల కాలం నుంచి ఉప్పుచేపల పీపాలు బండికెత్తుకుని ఊరూరా తిరిగి బతికారు. ఇప్పుడు నేను సంతలో నిలబడి అమ్ముతున్నాను. నా సైకిలు ఆ కంపుతో కొన్నదే.

ఎస్కలాన్ అనగానే కాలు నిలవలేదు. ఆదివారం బస్సెక్కి లోయ పైకి పోయి జొవెనాలెని కలిశాను. వేసవంతా ఆ కనుమ కింద గొర్రెలు కాసే మనిషి. "సైకిళ్ళతోనా? ఇంట్లో పనేం లేదా మీకు?" అన్నాడు. తిట్టడం అయ్యాక జున్ను కోసిపెట్టి వివరంగా చెప్పాడు. మా వైపు బాధ లేదట. గడ్డి, తర్వాత రాళ్ళు, కనుమ దాకా నడిచిపోవచ్చు. దాటాక మీ వైపు దిగేచోట ఉందట అసలు సంగతి. కొండ చరియకి చెక్కిన అంచు దారి, ఒక్క మనిషి పట్టేంత. ఒక పక్క గోడలా రాయి, రెండో పక్క ఏమీ లేదు. సైన్యం కొట్టిన ఇనుప మేకులు ఒకటో రెండో మిగిలాయట. "నా గొర్రెలు దాని మీదికి పోవు. గొర్రెలకి బుద్ధి ఉంది," అన్నాడు.

మీ మ్యాపులో గీత ఎందుకు ఆగిపోయిందో తెలిసింది కదా.

ఇంకో మాట, నవ్వకుండా చదువు. ఏ దూడ?

పోయిన ఆకురాలే కాలంలో మా ఇంటికి వచ్చినప్పుడు మా వదిన పక్క నుంచి కాఫీ అందిస్తే చెయ్యి తగిలించి ఒలకబోశావు. ఏదో ఆలోచిస్తున్నానన్నావు. మర్నాడు సంతలో క్యాబేజీల బండిని గుద్దుకున్నావు. మసక వేళ లార్ష్ కనుమ నుంచి దిగుతూ తిన్నగా కాలవలో కాలు పెట్టావు. అప్పుడు పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు దూడ అంటున్నావు. దూడ ఎక్కడి నుంచో ఊడిపడదే పిల్లా, పక్క నుంచి నడుచుకుంటూ వస్తుంది.

నీ కళ్ళకేమైంది?

ఒత్తావియా


జోసియే
జూన్

ఓ డాక్టరమ్మా,

ఈ ఉత్తరం కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. ఎదుటి కొండ మీద ఒక గద్ద తిరుగుతోంది. దాని రెక్క చివర ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. దాని కింద రాతి మీద ఒక అడవి మేక, కొమ్ము ఒకటి విరిగింది. కుడి కొమ్ము. నీకు కనిపిస్తుందా ఇంత దూరం నుంచి? అద్దాలు పెట్టుకున్నా కనిపించదు నీకు!

కాఫీ పడగొట్టానట, క్యాబేజీని గుద్దానట. మీ వదిన పిల్లిలా చప్పుడు లేకుండా వస్తుంది, ఎవరైనా పడగొడతారు. యాభై దగ్గరపడ్డ ఆడది కాలవలో కాలు పెడితే కళ్ళు పోయినట్టేనా? నువ్వు నిచ్చెన మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నప్పుడు నీకు మతి పోయిందని నేను రాశానా?

నాకు తెలుసులే. నువ్వు నాతో సమానంగా ఎక్కలేకపోతున్నావు. అందుకని నాలో ఏదో ఒక వంక వెతకాలి నీకు.

అంచు దారి కబురుకి థాంక్స్. ఫెరియోల్‌కి చెప్పాను. "నువ్వు ముందుంటావు కదా, మాకేం భయం!" అన్నాడు.

ఆర్మండీన్


ద్రొనేరొ
జూన్ చివర

ఆర్మండీన్,

మోకాలి మాట నొప్పించింది. సరే, పడతాను.

శనివారం సంతకి మీ ఊరి తేనె వ్యాపారి రోష్ వచ్చాడు. నేను అడగలేదు, అతనే మొదలుపెట్టాడు. "ఆర్మండీన్ వ్యాను అమ్మేసింది కదా," అన్నాడు. నువ్వు నాకు ఆ మాట రాయలేదు. వీధి దీపాలు వెలిగాక నువ్వు గడప దాటవట. పొద్దున చర్చికి వెళ్ళేటప్పుడు కూడా గోడ మీద చెయ్యి ఆనించుకుని నడుస్తావట. "పాపం, నడుం నొప్పేమో," అన్నాడు.

నీ నడుం సంగతి నాకు తెలుసు.

నువ్వు రాసిన గద్ద నిజమే అయ్యుంటుంది. కానీ కాళ్ళ దగ్గర ఉన్నది నీకు కనిపిస్తోందా? ఒక్క మాటలో జవాబు రాయి.

ఒత్తావియా


జోసియే
జులై

ఒత్తావియా,

లేదు.

ఒక్క మాట అడిగావు, రాశాను. మిగతాది కూడా చదువు.

మొన్న కాదు, అంతకు ముందటి చలికాలం మార్సెయ్ పోయి పెద్ద డాక్టరుకి చూపించుకున్నాను. అక్కకి బట్టలు కొనడానికని నీకు రాశాను. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోందట. పత్రికని గుండ్రంగా చుట్టి అందులోంచి చూడు, అదే నా లోకం. ఆ గొట్టం ఎటు తిప్పితే అటు అంతా స్పష్టంగా ఉంటుంది. గద్ద ఈక కూడా. గొట్టానికి పక్కనున్నది మసకగా కూడా ఉండదు, అసలు ఉండనే ఉండదు. దానికి తోడు వెలుతురు తగ్గితే, సాయంత్రమైనా మబ్బు పట్టినా, ఆ గొట్టం కూడా మూసుకుపోతుంది. మందు లేదు. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేమన్నాడు.

మా మేనమామకి ఇదే వచ్చింది. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి సూప్ గిన్నె ఇచ్చి, అందరూ ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకునేవారు. చిన్నప్పుడు నేనూ మాట్లాడాను.

ఈ ఒక్క కనుమే, ఒత్తావియా. తర్వాత సైకిలు గోడకి తగిలిస్తాను, ఎవరికి కావాలంటే వాళ్ళకి చెప్పుకో. నా కాళ్ళకి రాళ్ళు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఈ కొండల మీదే కదా నడిచాను. నెమ్మదిగా పోతాను, ఎండ ఉండగానే దాటేస్తాను.

ఎవరితోనూ అనకు. నిన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు.

నీ ఆర్మండీన్


ద్రొనేరొ
జులై

నా ఆర్మండీన్,

ఉత్తరం జేబులో పెట్టుకునే పొద్దంతా కొట్లో ఉన్నాను. ఒకావిడకి చిల్లర రెండుసార్లు ఇచ్చాను. ఆవిడ చాలా సంతోషించింది.

ఏం రాయను? ఏం రాసినా కుర్చీ పక్కన నిలబడి మాట్లాడేవాళ్ళ మాటలా ఉంటుంది. నువ్వు ఏడ్చావో లేదో తెలియదు. నేను ఏడ్చాను. చేపల గదిలో ఏడిస్తే ఎవరూ కారణం అడగరు.

ఇప్పుడు తిడతావని తెలిసే రాస్తున్నాను. నువ్వొక్కదానివే పోతానంటే నేనేం అనను. మెడ నీది, ఇష్టం నీది. కానీ నీ వెనక ఎనిమిది మంది ఉంటారు. నువ్వు కాలు పెట్టిన చోట వాళ్ళు కాలు పెడతారు. నువ్వు చూసి పెట్టావనుకుని పెడతారు.

ఫెరియోల్‌కి నువ్వే చెప్పు. ముందు ఇంకెవరినైనా నడవమను. నువ్వు మధ్యలో నడువు, ముందువాడి సైకిలు మీద చెయ్యి వేసుకో. అందులో చిన్నతనం ఏముంది? నేను మోకాలికి కట్టు కట్టుకుని, జొవెనాలె కర్ర పుచ్చుకుని మీకోసం పైకి వస్తాను. వైను తెస్తాను. ముందు నడిచింది ఎవరని ఆ కొండ అడగదు.

చెప్తానని నాకు మాటివ్వు.

ఒత్తావియా


జోసియే
జులై

ఒత్తావియా,

సరే తల్లీ, చెప్తాను. మా ఊరి జాతర అయిపోనీ. ఫెరియోల్ బ్యాండు మేళం తిప్పలతో సతమతమవుతున్నాడు. ఇప్పుడు చెప్తే డప్పుల మధ్య నా కళ్ళ గురించి అరవాల్సి వస్తుంది. ప్రయాణం కూడా ఆగస్టు చివరికి వాయిదా వేశారు, పైన ఇంకా మంచు ఉందని. కాబట్టి తొందరేం లేదు.

ఆదివారం దారి చూసి రావడానికి గుడిసెల దాకా పోయాం, నేనూ నోయెలీ. కొత్తగా వచ్చిన టీచరమ్మ. సైకిలు కొని నెల కాలేదు, ఉత్సాహం మాత్రం బోలెడు. నా వెనక చక్రం మీంచి చూపు తిప్పకుండా వచ్చింది, "మీరు ఎటు తిప్పితే అటు తిప్పుతాను ఆర్మండీన్ గారూ" అని. ఒక చోట దారి ఎడమకి తిరిగింది. అక్కడ తిరుగుతుందని నాకు తెలియలేదు, తిన్నగా పోయాను. వాగు గట్టు కొద్దిగా జారుడుగా ఉంది. నేను ఎలాగో బ్రేకు పట్టాను. ఆవిడ నా పక్క నుంచి జారిపోయి సైకిలుతో సహా వాగులో పడింది. లేచి జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే "ఇది దగ్గర దారా?" అంది! పొట్ట పట్టుకుని నవ్వాం. మోచెయ్యి చీరుకుంది, రెండు కుట్లు పడ్డాయి. పాపం, ఎవరికీ చెప్పలేదు, నన్నే క్షమించమంది.

అంచు దారికి రబ్బరు అడుగున్న జోళ్ళు మంచివా, మేకులు కొట్టినవా? జొవెనాలెని అడుగు.

ఆర్మండీన్


ద్రొనేరొ
జులై చివర

ఆర్మండీన్,

నీ ఉత్తరం చదివాను. నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్ల వాగులో పడింది కాబట్టి నవ్వుకున్నారు. ఆ మలుపు అంచు దారి మీద వచ్చి ఉంటే? నీ చక్రం మీంచి చూపు తిప్పకుండా నీతోపాటు వచ్చేది.

నువ్వు చెప్పవు. జాతర అయ్యాక తేనె తీసే పని వస్తుంది, తర్వాత ఇంకేదో వస్తుంది.

ఈ పొద్దున పొగాకు కొట్టుకి పోయి ఫెరియోల్‌కి ఫోను చేశాను. అన్నీ చెప్పాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తర్వాత "దేవుడా, నోయెలీ..." అన్నాడు. ఆ పిల్ల కుట్ల సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది.

అనొద్దన్నావు, అన్నాను. ఆయన నోటి నుంచి వినేలోపు నా చేత్తో రాసి నీకు చేర్చాలని వెంటనే రాస్తున్నాను. నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

ఒత్తావియా


జోసియే
ఆగస్టు

శ్రీమతి ఒత్తావియా గారికి,

మీ ఉత్తరం అందింది. దానికి ముందే ఫెరియోల్ గారు అందారు. కేకు తీసుకుని వచ్చారు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని. నాకు చెవుడు కూడా వచ్చిందనుకున్నారు కాబోలు, గట్టిగా అరిచి మాట్లాడారు. నా చెయ్యి పట్టుకుని నా ఇంట్లో నన్నే కుర్చీ దాకా నడిపించారు. పొయ్యి పక్క కుర్చీ దాకా. నోయెలీ ఏడ్చింది. ముందు నడిచేది ఇప్పుడు ఫెరియోల్ గారట. నేను కింద గుడిసెల దగ్గర ఉండి టీ కాయవచ్చునట.

మీరు మంచి పని చేశారు. అందరూ అదే అంటున్నారు.

ఆగస్టు పదిహేను మరియమ్మ పండగ. ఆ రోజు లోయ మొత్తం చర్చిలో పాటలు పాడుతూ ఉంటుంది. నేను ఎస్కలాన్ దాటుతూ ఉంటాను. ఒక్కదాన్నే. నా వెనక ఎవరూ ఉండరు కాబట్టి మీకు అభ్యంతరం ఉండదు. మీరే రాశారు, మెడ నాదని.

ఎవరికైనా ఫోను చేసుకోవాలంటే చేసుకోండి. ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకండి.

ఆర్మండీన్


ఎస్కలాన్ కింద, జొవెనాలె గుడిసె
పండగ రోజు, ఉదయం

ఆర్మండీన్,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. పోస్టులో వెయ్యడానికి కాదు, చేతికివ్వడానికి. ఇవ్వగలిగితే.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఫెరియోల్ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అందరూ పండగ ముందురోజు సంతలో ఉండి ఉంటారు. మా అన్నయ్య మూడుచక్రాల బండిలో రోడ్డు ఉన్నంత దాకా తెచ్చి దింపాడు. అక్కణ్ణించి నడిచాను. మోకాలి సంగతి అడగకు.

పొద్దున ఆకాశం కడిగినట్టు ఉండింది. ఇప్పుడు మీ వైపు నుంచి కనుమ మీదికి తెల్లగా ఏదో పొర్లుకొస్తోంది. జొవెనాలె చూసి ఉమ్మేశాడు. "మబ్బు దిగుతుంది. మధ్యాహ్నానికి పైన సందె వేళలా ఉంటుంది," అన్నాడు. వెలుతురు తగ్గితే గొట్టం మూసుకుపోతుందని రాశావు. ఆ వాక్యమే నా చెవిలో తిరుగుతోంది.

రాకుండా ఉండు. పంతం పట్టి ఇంట్లో కూర్చుని ఉండు, నేను పైకెక్కి దిగి వెర్రిదానిలా ఇంటికి పోతాను. పైన ఎవరూ కనిపించకపోతే జన్మంతా నీకు మీరు, గారు అని రాస్తాను.

జొవెనాలెకి గొర్రెలు వదిలి రావడం కుదరదు. తాడు, కర్ర ఇచ్చాడు. వెళ్తున్నాను.

ఒ.


జోసియే
సెప్టెంబరు

ఒత్తావియా,

కాలికి కట్టు ఇంకా ఉంది. మీ అన్నయ్య బండిలో ఆస్పత్రికి పోతూ కూడా మనం ఒక్క మాట మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు నువ్వు నా చేతిలో ఆ గుడిసె ఉత్తరం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయావు. నువ్వు తిరిగి చూడలేదని నాకెలా తెలుసంటావా? ఆ ఒక్కసారి గొట్టం నీ వీపు మీదే ఉంది.

నువ్వు వచ్చేలోపు ఏం జరిగిందో నీకు తెలియదు. అది చెప్పాలి.

గుడిసెల దాకా తొక్కాను. అక్కణ్ణించి నెట్టాను. అంత మంచి ఉదయం ఈ వేసవిలో రాలేదు. అంచు దారి మొదట్లో సైకిలు భుజానికెత్తుకున్నాను, చేత్తో రాయిని తడుముకుంటూ, ఒక్కో అడుగూ గొట్టంలోంచి చూసుకుంటూ నడిచాను. బాగానే ఉంది ఒత్తావియా. గర్వంగా ఉంది. కనుమ ఎదురుగా కనిపించింది, అంత దగ్గరగా. మీకందరికీ ఏమని ఉత్తరం రాయాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

అప్పుడు మబ్బు వచ్చింది. కింద నుంచి పొగలా లేచింది, తర్వాత అంతటా కమ్మేసింది. మొదట కనుమ పోయింది, తర్వాత నా చెయ్యి పోయింది. ఇంకో నాలుగు అడుగులే కదా అనుకుని కాలు ముందుకు వేశాను. ముందు చక్రం రాతికి కొట్టుకుని నన్ను బయటికి తోసింది. సైకిలు వదిలేశాను. వదిలేయాలని అనుకోలేదు, చేతులే వదిలేశాయి. అది ఒకసారి మోగింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి, ఎక్కడో కింద.

వీపు రాతికి ఆనించి నిలబడిపోయాను. వెనక్కి పోదామంటే వచ్చిన దారి ఎటు వంగుతుందో గుర్తులేదు. ముందుకి పోదామంటే ముందు ఏముందో తెలియదు. మబ్బు తేలిపోతుందని చూశాను. తేలలేదు. చలికి పళ్ళు కొట్టుకున్నాయి. కాళ్ళు వణకడం మొదలైంది. వణుకుతున్న కాళ్ళతో ఎంతసేపు నిలబడగలను? మరియ తల్లిని పిలిచాను, ఆవిడ పండగ రోజు కదా, తీరికలేదేమో. అమ్మని పిలిచాను. ఆఖరికి, చెప్పడానికి ఎంత రోతగా ఉందో, నీ పేరు పెట్టి అరిచాను.

నువ్వు పలికావు. నాకు మతి పోయిందనుకున్నాను.

"కదలకే! కదిలావంటే చంపేస్తాను!"

"ఎవరూ?"

"మీ పోస్టుమాస్టర్ని! ఎక్కడున్నావు? మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"తిట్టు నన్ను. అది బాగా వచ్చుగా నీకు!"

తిట్టాను. నీకు గుర్తుందో లేదో, మీ అమ్మమ్మ దాకా పోయాను. నీ గొంతు దగ్గరికొచ్చి ఆగింది. తాడు విసిరావు, అది నా మొహానికి తగిలింది. "పట్టుకోవే గుడ్డిదానా!" అన్నావు. ఆ మాట అన్నది ఇంతవరకు నువ్వొక్కదానివే. మిగతావాళ్ళంతా మెల్లగా, మెత్తగా ఏవేవో అంటారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే వణుకు ఆగింది.

నడుముకి తాడు కట్టించావు. "ఎడమ కాలు. నీ ఎడమే, నాది కాదు!" అన్నావు. "ఇక్కడ నీటిగుంట ఉంది, జోళ్ళు తడుస్తాయి, పెద్ద అంగ వెయ్యి," అన్నావు. వేశాను. అవతల ఆనించడంలో కాలు మడతపడింది. నీ మీద పడ్డాను. ఇద్దరం అక్కడే రాతికి అతుక్కుపోయి కూర్చున్నాం. తర్వాత నీ భుజం పట్టుకుని కుంటుకుంటూ మీ వైపు దిగాను, అక్కణ్ణించి ఒక్క మాట లేదు.

ఫెరియోల్‌కి నువ్వు ఫోను చేసినందుకు నీ మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. నువ్వు చెయ్యకపోయి ఉంటే నోయెలీ నా వెనక ఆ అంచు మీద ఉండేది. ఈ రెండూ ఒకేసారి నాలో ఉన్నాయి, ఏదీ రెండోదానికి చోటివ్వడం లేదు. ఏం చెయ్యాలో తెలియక రాస్తున్నాను.

ఆర్మండీన్


ద్రొనేరొ
సెప్టెంబరు

ఆర్మండీన్,

కోపం ఉంచుకో. ఉత్తరాలు రాస్తే చాలు.

మీ ఫెరియోల్ మొన్న లార్ష్ మీదుగా వచ్చాడు. ఆయన్నీ ఇంకో ఇద్దరినీ కనుమ దాకా తీసుకుపోయాను, ఎండ రోజు చూసి. ముగ్గురూ అంచు దారి చూసి తిరిగొచ్చారు. సంఘం ఎస్కలాన్‌కి పోదు. నీ సైకిలు పైనుంచి కనిపించింది, చాలా కింద, ఒక చక్రం ఆకాశం వైపు. దాని దగ్గరికి పోవడానికి దారి లేదు.

నువ్వు జరిగింది చెప్పావు. నేనూ చెప్పాలి. ఆ రోజు చెప్పలేదు, ఆస్పత్రిలో చెప్పలేదు, బండిలో నోరు రాకపోవడానికి కారణం కూడా అదే.

అది నీటిగుంట కాదు.

నువ్వు నిలబడిన చోటికి ఒక్క అడుగు ముందు దారి విరిగిపోయి ఉంది. అడుగున రాయి లేదు, మట్టి లేదు, కింద మబ్బు, దాని కింద ఏమీ లేదు. నీ సైకిలు రాతికి కొట్టుకోకపోతే నువ్వు వెయ్యబోయిన అడుగు అందులోకే. నేను మబ్బులోంచి వచ్చి మొదట చూసింది నిన్ను కాదు, ఆ ఖాళీని. దానికి అవతల నీ జోళ్ళ కొసలు కనిపించాయి.

నేను దూకి నీ దగ్గరికి రాలేను, ఈ మోకాలితో. నిన్ను వెనక్కి పొమ్మనలేను. ఇనుప మేకు ఒకటి మిగిలి ఉంది, దానికి తాడు కట్టి నా నడుముకి చుట్టుకున్నాను. మేకు ఊగింది. ఊగుతోందని నీకు చెప్పలేదు. అప్పుడు ఏమని చెప్పాలి నీకు? ఖాళీ ఉంది దూకు అంటే నీ కాళ్ళు ఇంకా బిగుసుకుపోతాయి. ఆ గోడకి అతుక్కునే ఉండిపోతావు. అందుకని నీటిగుంట అన్నాను. గొంతు వణకకుండా, సంతలో "చేపలు తాజావేనమ్మా" అన్నట్టు అన్నాను. జోళ్ళు తడుస్తాయని కూడా ఎందుకు కలిపానో నాకే తెలియదు.

నువ్వు నన్ను నమ్మి కాలెత్తావు. ఆ కాలు గాల్లో ఉన్నంతసేపు నేను ఏమయ్యానో చెప్పలేను. చూపులేని మనిషికి అబద్ధం చెప్పి లోయ మీదుగా నడిపించాను. ఎవరితోనూ అనకన్న నీ మాట నిలబెట్టలేకపోవడం ఒక ఎత్తు, ఇది ఇంకొకటి. ఇప్పుడు నేను నీ పక్కన నడుస్తూ "మెట్టు ఉంది" అన్నా "రాయి ఉంది" అన్నా నువ్వు ఎలా నమ్ముతావు?

ఒత్తావియా


జోసియే
అక్టోబరు

ఒసేయ్ ఒత్తావియా,

నాకు తెలుసు.

నీటిగుంటలోంచి గాలి పైకి రాదే. నువ్వు గుంట అన్నచోట నుంచి చల్లటి గాలి నా గౌనులోకి దూరి మోకాళ్ళ దాకా ఎక్కింది. సైకిలు రెండోసారి మోగడానికి ఎంతసేపు పట్టిందో నేను విన్నాను. ఎంత లోతో నీకన్నా నాకే బాగా తెలుసు. నువ్వు మబ్బునే చూశావు.

నేను అడిగి ఉండాల్సింది, "ఎంత వెడల్పు?" అని. అడగలేదు. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయమేసింది. నువ్వు జోళ్ళు తడుస్తాయన్నావు. చావబోయేవాళ్ళకి ఎవరూ జోళ్ళ గురించి చెప్పరు. అయితే ఇది దాటేదే అనుకుని కాలెత్తాను. కాబట్టి నువ్వు నన్ను మోసం చేశానని గొప్పలు పోకు.

ఫెరియోల్‌కి నేనే చెప్పాను, కింద టీ కాయనని. వచ్చే వేసవిలో వాళ్ళు పాత గాడిదల దారుల్లో ఎండ రోజులు చూసి నడుస్తారు. నేను మధ్యలో ఉంటాను. ముందు నోయెలీ, ఆమె సంచీ పట్టీ నా చేతిలో. ఆమెకి దారి నేను చెప్తాను, నాకు రాళ్ళు ఆమె చెప్తుంది. మొదటి రోజే పోట్లాడుకున్నాం. ఆ పిల్లకి కుడి ఎడమలు తెలియవు, బడిలో ఏం నేర్పుతోందో దేవుడికి తెలియాలి.

కట్టు విప్పారు. శనివారం లార్ష్ మీదుగా వచ్చే బస్సెక్కి మీ వైపు కూనియొ ఊళ్ళో దిగుతున్నాను, అక్కడికి వచ్చి తీసుకుపో. ఒంటరిగా వస్తున్నాను, డ్రైవరుకి చెప్పలేదు, కర్ర తెచ్చుకోవడం లేదు. బస్సు తలుపు దగ్గర నిలబడి గట్టిగా చెప్పు, మెట్లు ఎన్నో, ఆఖరిది ఎంత ఎత్తో.

ఇకమీదట నిజమే చెప్పు. దూకడానికి భయమేస్తే నీ చెయ్యి పట్టుకుంటాను.

ఆర్మండీన్